కోడ్ వచ్చేలోపు

ఎన్నికల ఏడాదిలో ఢిల్లీ నుంచి గల్లీ దాకా నిర్ణయాలన్నీ ఒకే తేదీ వైపు పరుగులు తీస్తాయి. ఆ హడావుడిలో పేదవాడి ఒకటో తారీఖు ఎందుకు తప్పిపోతోంది?

2024 మార్చి 16, శనివారం. మధ్యాహ్నం మూడు గంటలకు ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్‌లో ప్రధాన ఎన్నికల కమిషనర్ రాజీవ్ కుమార్ మైకు ముందుకు వచ్చారు. ఆ వేళకి నేను గుంటూరు జిల్లాలో మా మండల కేంద్రంలో ఉన్నాను. టీకొట్టు టీవీలో ఆయన ఏడు దశల తేదీలు చదువుతుండగానే బస్టాండు సెంటర్లో పంచాయతీ సిబ్బంది నిచ్చెనలు ఎత్తారు. సాయంత్రానికల్లా ఫ్లెక్సీలు దిగిపోయాయి, నాయకుల విగ్రహాలకు ముసుగులు పడ్డాయి. రోడ్డు పక్కన కమ్యూనిటీ హాలు కోసం వారం కిందట కట్టిన దిమ్మె ఒకటుంది. దాని మీద నల్లరాతి శిలాఫలకం. ఒక కుర్రాడు బకెట్‌లోంచి మైదా బంక తీసి, రాయి మీద చేత్తో పూసి, పాత దినపత్రిక అతికించాడు. పైనున్న పెద్ద పేరు ముందు మూతపడింది. కింద ‘విచ్చేయు అతిథులు’ వరస చివర మూతపడింది. దిమ్మె వెనక జేసీబీ తవ్విన గుంట, పక్కనే రెండు ట్రాక్టర్ల కంకర.

ఆ గుంట ఊరికే తవ్వింది కాదు. ఎన్నికల నియమావళి (కోడ్) ప్రకారం కొత్త పథకాలు ప్రకటించకూడదు, శంకుస్థాపనలు చేయకూడదు, రోడ్డు వేయిస్తామని, నీళ్లు ఇప్పిస్తామని మాట ఇవ్వకూడదు. అయితే అప్పటికే నేల మీద మొదలైన పని ఆగనక్కర్లేదు. పని ఉత్తర్వు చేతికొచ్చినా పలుగు పడకపోతే మాత్రం ఆగాల్సిందే. అందుకే షెడ్యూలు వస్తుందన్న వాసన తగలగానే ఊరూరా గుంటలు పడతాయి. సచివాలయాల్లో అర్ధరాత్రి దాకా లైట్లు వెలుగుతాయి. జీవోల మీద జీవోలు పుడతాయి. మా ఊళ్లో గుంటతో జరిగిందే ఢిల్లీలో కేబినెట్ నిర్ణయాలతో జరుగుతుంది.

షెడ్యూలుకు ముందటి పది రోజులు తిరగేసి చూడండి. మార్చి 7న కేంద్ర మంత్రివర్గం ఉద్యోగుల కరవు భత్యాన్ని 46 నుంచి 50 శాతానికి పెంచింది. ఉజ్వల సిలిండరు మీద ఇచ్చే 300 రూపాయల రాయితీని మరో ఏడాది పొడిగించింది. మర్నాడు మహిళా దినోత్సవం. వంటగ్యాసు మీద వంద రూపాయలు తగ్గిస్తున్నట్టు ప్రధాని ప్రకటించారు. పౌరసత్వ సవరణ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది 2019 డిసెంబరులో. నాలుగేళ్లకు పైగా రాని దాని నిబంధనలు మార్చి 11న వచ్చాయి. 14వ తేదీ రాత్రి పెట్రోలు, డీజిలు మీద రెండేసి రూపాయలు తగ్గాయి. అదే రోజు మరో రెండు పనులు కూడా జరిగాయి. జమిలి ఎన్నికల మీద రామ్‌నాథ్ కోవింద్ కమిటీ 18,626 పేజీల నివేదికను రాష్ట్రపతికి అందించింది. ముగ్గురు ఉండాల్సిన ఎన్నికల సంఘంలో, 9వ తేదీన అరుణ్ గోయల్ రాజీనామా చేయడంతో, ఒక్కరే మిగిలారు. ఆ ఖాళీలకు ఇద్దరిని ఎంపిక చేశారు. వాళ్లు 15న బాధ్యతలు తీసుకున్నారు. 16న కోడ్ వచ్చింది.

వీటిలో చెడ్డ నిర్ణయాలేవీ లేవని ఎవరైనా అనవచ్చు. గ్యాసు ధర తగ్గితే మా ఇంట్లోనూ సంతోషమే. హైదరాబాదులో 955 ఉన్న సిలిండరు 855 అయింది. నా ప్రశ్న తేదీ గురించి. జనవరిలో కట్టెల పొయ్యి ముందు కళ్లు నలుపుకున్న ఆడమనిషికి ఆ వంద జనవరిలోనూ అవసరమే కదా? ఎన్నికలు ముగిసిన ఏడాదికి, 2025 ఏప్రిల్‌లో, అదే సిలిండరు మీద యాభై రూపాయలు పెరిగింది.

పెట్రోలు బంకు క్యాలెండరు

నిర్ణయాలు ఎన్నికల తేదీ చుట్టూ తిరగడాన్ని అన్నిటికన్నా నిక్కచ్చిగా చూపించేది పెట్రోలు బంకు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ధరలు ఏరోజుకారోజు మార్చే పద్ధతి వచ్చింది. అంతర్జాతీయ మార్కెట్‌ను బట్టి చమురు కంపెనీలే నిర్ణయిస్తాయి, మా ప్రమేయం ఏమీ లేదు అని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. 2018లో కర్ణాటక ఎన్నికలప్పుడు ఏప్రిల్ 24 నుంచి పంతొమ్మిది రోజులు బంకు దగ్గర అంకె కదల్లేదు. మే 12న పోలింగ్ అయింది. 14న అంకె కదిలింది.

ఆ తర్వాత ఇంకా పెద్ద విరామం చూశాం. 2021 నవంబరు 4 నుంచి 2022 మార్చి 22 దాకా, ఉత్తరప్రదేశ్, పంజాబ్ సహా ఐదు రాష్ట్రాల ఎన్నికలు నడిచినంత కాలం, 137 రోజులు ధర మారలేదు. ఆ మధ్యలోనే ఉక్రెయిన్ యుద్ధం మొదలై బ్యారెల్ ముడిచమురు వంద డాలర్లు దాటింది. మార్చి 10న ఫలితాలు వచ్చాయి. 22న మొదలైన పెంపు పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు జరిగి లీటరుకు పది రూపాయలకు చేరింది. రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లు బండి తోలే డెలివరీ కుర్రాడిని, ట్రాలీ ఆటో నడిపే మనిషిని అడగండి, ఆ పదహారు రోజులు ఎలా గడిచాయో చెబుతారు. నెలకు రూపాయి చొప్పున పెరిగి ఉంటే కిరాయి సర్దుకునేవాళ్లు. ఒక్కసారిగా మీద పడేసరికి చేతి నుంచి పెట్టుకున్నారు.

పార్టీ పేరు మారినా ఈ అలవాటు మారలేదు. 2008 ఫిబ్రవరి 29న ఆర్థిక మంత్రి చిదంబరం 60 వేల కోట్ల రైతు రుణమాఫీ ప్రకటించారు, మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికలు. ఏడో వేతన సంఘాన్ని మన్మోహన్ ప్రభుత్వం 2013 సెప్టెంబరులో ప్రకటించింది, రెండు నెలల్లో పలు రాష్ట్రాల్లో పోలింగ్. ఎనిమిదో వేతన సంఘం మాట 2025 జనవరి 16న వచ్చింది, ఫిబ్రవరి 5న ఢిల్లీ పోలింగ్. 2019లో ఓటాన్ అకౌంట్ బడ్జెట్‌లోనే పీఎం కిసాన్ పుట్టింది. ఫిబ్రవరి 1న ప్రకటన, డిసెంబరు 1 నుంచే వర్తింపు, ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో కోటి మంది రైతుల ఖాతాల్లో రెండేసి వేలు, మార్చి 10న షెడ్యూలు. ఎన్నికల ముందు ఓటాన్ అకౌంట్ పెట్టేదే కొత్త ప్రభుత్వం వచ్చేదాకా జీతభత్యాలకూ నడుస్తున్న పనులకూ డబ్బు సర్దడానికి. అందులో పెద్ద మార్పులు చేయరన్నది ఒక మర్యాద. 2014లో చిదంబరం కార్ల మీద, మోటారు సైకిళ్ల మీద ఎక్సైజు సుంకం తగ్గించి ఆ మర్యాదను సడలించారు, 2019లో పీయూష్ గోయల్ ఇంకాస్త సడలించారు. 2024లో నిర్మలా సీతారామన్ పన్నులను ముట్టుకోలేదు. అది మెచ్చుకోదగ్గదే.

కోడ్‌కు కోరలు ఎక్కడ?

ఈ నియమావళి చట్టం కాదన్న సంగతి చాలామందికి తెలియదు. 1960లో కేరళ అసెంబ్లీ ఎన్నికలప్పుడు పార్టీలన్నీ కూర్చుని ఒప్పుకున్న మాట అది. 1962 లోక్‌సభ ఎన్నికల నాటికి ఎన్నికల సంఘం దాన్ని దేశమంతా పంచింది. అధికారంలో ఉన్న పార్టీ ఏం చేయకూడదో చెప్పే భాగం 1979లో చేరింది. ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా శేషన్ వచ్చాక గానీ మంత్రులు దానికి భయపడలేదు. షెడ్యూలు ప్రకటించిన రోజు నుంచే అది అమలవుతుందని 2001లో సుప్రీంకోర్టులో తేలింది. అంటే గీత ఎక్కడ పడాలన్నది ఎన్నికల సంఘం ఏ రోజు ప్రెస్‌మీట్ పెడుతుందన్న దాని మీద ఆధారపడింది.

2017 అక్టోబరు 12న హిమాచల్ ప్రదేశ్ షెడ్యూలు ప్రకటించారు. ఆనవాయితీ ప్రకారం దానితోపాటే రావాల్సిన గుజరాత్ షెడ్యూలు 25న వచ్చింది. ఆ మధ్యలో, 22వ తేదీన, ఘోఘా-దహేజ్ ఫెర్రీ సర్వీసును ప్రధాని ప్రారంభించారు. వరద సహాయ పనుల కోసమే గుజరాత్ తేదీలు ఆపామని సంఘం చెప్పింది. అది నిజమే కావచ్చు. అయినా రెఫరీ మీద ఇలాంటి అనుమానం కలగడానికి చోటే ఉండకూడదు. లోక్‌సభ గడువు ఏ రోజున తీరుతుందో ఐదేళ్ల ముందే తెలుసు. పదిహేడో లోక్‌సభకు అది 2024 జూన్ 16. అలాంటప్పుడు షెడ్యూలు ప్రకటన తేదీని మాత్రం చివరి నిమిషం దాకా గుట్టుగా ఉంచడం ఎందుకు?

అదే 2024 వసంతకాలంలో సుప్రీంకోర్టు తేదీ విలువేమిటో చూపించింది. ఎన్నికల బాండ్లు రాజ్యాంగ విరుద్ధమని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఫిబ్రవరి 15న ఏకగ్రీవంగా కొట్టేసింది. వివరాలు ఇవ్వడానికి జూన్ 30 దాకా గడువు కావాలని స్టేట్ బ్యాంకు అడిగింది. ఓట్ల లెక్కింపు జూన్ 4న. ఆ గడువు ఇచ్చి ఉంటే ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో దేశానికి ఓటేసిన తర్వాత తెలిసేది. కోర్టు ఒప్పుకోలేదు, ఒక్క రోజులో ఇమ్మంది. మార్చి మూడో వారం ముగిసేసరికి కొన్నవాళ్ల పేర్లు, తీసుకున్న పార్టీల పేర్లు, బాండ్ల నంబర్లు అన్నీ బయటికొచ్చాయి. ఆ ఏడాది ఓటరుకు వేళకు అందిన నిర్ణయం అదొక్కటేనని నా అభిప్రాయం.

మా మేనత్త ఒకటో తారీఖు

మా మేనత్తకు ఎనభై దాటాయి. వృద్ధాప్య పింఛను మూడు వేలు. ప్రతి నెలా ఒకటో తారీఖు తెల్లవారుజామున వాలంటీరు పిల్ల వచ్చి తలుపు కొట్టేది. వేలిముద్ర వేయించుకుని డబ్బు చేతిలో పెట్టేది. ఆ మూడు వేలలో ఎనిమిది వందలు బీపీ, షుగరు మాత్రలకు, రెండు వందలు పాలవాడికి. మిగిలింది ఒక పసుపు గుడ్డ సంచిలో దాచుకునేది. 2024 ఏప్రిల్ 2 పొద్దున్నే ఫోన్ చేసింది.

“ఒరేయ్, ఒకటో తారీఖు వచ్చి పోయింది. ఆ పిల్ల రాలేదేంట్రా?”

“కోడ్ వచ్చింది గదత్తా. వాలంటీర్లు పంచకూడదన్నారు.”

“కోడ్ అంటే ఏంట్రా? ఎవరికొచ్చింది?”

నేనేం చెప్పాలి? వాలంటీర్లు ఎన్నికల్లో ప్రభావం చూపుతారన్న ఫిర్యాదుల మీద, నగదు పంపిణీకి వాళ్లను దూరంగా ఉంచాలని ఎన్నికల సంఘం మార్చి 30న ఆదేశించింది. నిష్పక్షపాతంగా ఎన్నికలు జరగాలంటే అది సబబే. కానీ వేరే దారి సిద్ధం చేసుకోవడానికి మిగిలింది రెండు రోజులు. వికలాంగులకు, మంచం పట్టినవాళ్లకు ఇంటికి తెచ్చిస్తామన్నారు, మిగతావాళ్లను గ్రామ సచివాలయానికి రమ్మన్నారు. మూడో తారీఖున మా అత్త ఎండలో నడిచి వెళ్లింది. డబ్బు బ్యాంకు నుంచి ఇంకా రాలేదన్నారు. సచివాలయం అరుగు మీద, వేపచెట్టు కింద, ముప్పై నలభై మంది ముసలివాళ్లు. కొందరిని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. ఒకావిడ నీళ్ల సీసాను చెంగుతో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. మా అత్త మర్నాడు మళ్లీ వెళ్లి తెచ్చుకుంది. మే నెలలో నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేశారు. ఆవిడ ఖాతా ఎన్నేళ్లుగానో వాడక స్తంభించిపోయింది. ఆధార్ కాగితాలతో పక్క ఊరి బ్యాంకుకు రెండుసార్లు ఆటోలో తీసుకెళ్లాను.

తప్పు మీదంటే మీదని ఆ రెండు నెలలూ రెండు పక్షాలూ తిట్టుకున్నాయి. ఆ తిట్లలో ఒక్క మాటా మా అత్తకు పనికిరాలేదు. జులై 1న కొత్త ప్రభుత్వం పింఛనును నాలుగు వేలు చేసి, మూడు నెలల బకాయితో కలిపి ఏడు వేలు ఇచ్చింది. ఆవిడ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. అప్పుడు కూడా నన్నడిగింది ఒకటే: “వచ్చే నెల ఒకటో తారీఖునే ఇస్తారా?”

తెలంగాణ రైతుకూ ఇదే అనుభవం. 2023 నవంబరులో యాసంగి రైతుబంధు పెట్టుబడి సాయం ఖాతాల్లో వేయవచ్చని ఎన్నికల సంఘం అనుమతిచ్చింది. ఫలానా రోజు ఖాతాల్లో పడతాయని ఒక మంత్రి ప్రచార సభలో చెప్పడంతో 27వ తేదీన ఆ అనుమతిని రద్దు చేసింది. 30న పోలింగ్. ఆరు నెలలు తిరిగేసరికి ప్రభుత్వం మారింది, సంగతి మారలేదు. మిగిలిన రైతుబంధు సొమ్ము గురించి ఈసారి ముఖ్యమంత్రే సభలో ప్రస్తావించారు. మే 13 పోలింగ్ అయ్యేదాకా వేయవద్దని సంఘం ఆపింది. మాట జారింది నాయకులు. డబ్బు ఆగింది రైతుకు. నారుమడి పోసిన రైతు ఎరువుల కొట్టులో నూటికి రెండు వడ్డీకి అప్పు రాయించుకుంటాడు, ఆ వడ్డీ ఏ పార్టీ కడుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే రోజుల్లో ఇంకో చిత్రం చూశాం. పథకాల డబ్బు విడుదల చేస్తున్నామంటూ జనవరి నుంచి మార్చి దాకా ముఖ్యమంత్రి సభల్లో బటన్లు నొక్కారు. సుమారు 14 వేల కోట్లు ఖాతాల్లో పడలేదు. పోలింగుకు నాలుగు రోజుల ముందు వేస్తామంటే సంఘం ఒప్పుకోలేదు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. బటన్ నొక్కిన రోజే డబ్బు పడి ఉంటే ఆ గొడవే లేదు. ఫీజు రీయింబర్స్‌మెంటు రాక కాలేజీల్లో సర్టిఫికెట్లు చేతికి రాని పిల్లలకు ఆ బటన్ ఎందుకు?

పైగా ఈ ఆఖరి నిమిషపు డబ్బు ఇచ్చినవాళ్లనూ గెలిపించడం లేదు. 1983 ఎన్నికల ముందు ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం అంటే, అధికారంలో ఉన్న కాంగ్రెస్ రూపాయి తొంభై పైసలకే ఇవ్వడం మొదలెట్టింది. ఓడింది. 2019లో డ్వాక్రా మహిళలకు పసుపు-కుంకుమ పేరుతో పది వేలు మూడు చెక్కులుగా ఇచ్చారు, చివరి చెక్కు పోలింగ్ ముందు మారింది. తెలుగుదేశానికి 23 సీట్లు వచ్చాయి. దళితబంధును హుజూరాబాద్ ఉప ఎన్నిక ముందు అక్కడే మొదలుపెట్టారు, ఆ ఉప ఎన్నికలో అధికార పార్టీ ఓడింది. 2024లో బటన్ల ప్రభుత్వానికి 11 సీట్లు. తెలుగు ఓటరు డబ్బు తీసుకుని అమ్ముడుపోతాడని టీవీ చర్చల్లో అనేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. తనకు రావలసింది తీసుకున్నాడు, తన ఓటు తాను వేశాడు. అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాగే జరుగుతుందని నేననను. మహారాష్ట్రలో, బిహార్‌లో మహిళల ఖాతాల్లో డబ్బు వేసిన ప్రభుత్వాలు ఘనంగా తిరిగొచ్చాయి. గెలిచినా ఓడినా ఒక్కటి మాత్రం మారదు. హక్కుగా అందవలసింది నాయకుడి కానుకగా మారి, ఆ నాయకుడికి అవసరమైన రోజున వస్తుంది. రేషను బియ్యం సంగతే చూడండి. 2013 ఆహార భద్రతా చట్టం కింద అది హక్కు. 81 కోట్ల మందికి ఉచితంగా ఇవ్వడాన్ని మరో ఐదేళ్లు పొడిగిస్తామన్న మాట మాత్రం 2023 నవంబరు 4న ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ ఎన్నికల సభలో వినబడింది. మూడు రోజుల్లో ఆ రాష్ట్రంలో తొలి విడత పోలింగ్. మంత్రివర్గం ఆమోదించింది ఆ నెలాఖరున.

లెక్కలు ఓటుకు ముందే

దేశమంతా ఒకేసారి ఎన్నికలు పెడితే ఈ రోగం కుదురుతుందని కోవింద్ కమిటీ వాదించింది. మాటిమాటికీ కోడ్ వచ్చి పనులు ఆగడం తగ్గుతుంది, నిజమే. కానీ షెడ్యూలుకు ముందటి ఆఖరి నెల అలాగే ఉంటుంది. ఇప్పుడు ఏడాదికి నాలుగైదు చోట్ల పడే గుంటలన్నీ అప్పుడు దేశమంతా ఒకే పక్షంలో పడతాయి.

ఎన్నికైన ప్రభుత్వం ఐదేళ్లూ పాలించాలి. వరద వస్తే, కరవు వస్తే సాయం చేయాలి. దాన్నెవరూ కాదనరు. సభ గడువుకు ఆరు నెలల ముందు దాకా ఎన్నికల నోటిఫికేషన్ ఇవ్వకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. ఆ ఆరు నెలలనే గీతగా పెట్టుకోవచ్చు. గడువు ఆరు నెలల్లోకి వచ్చాక, పూర్తి బడ్జెట్‌లో సభ ఆమోదించని నగదు పథకం దేన్నీ మొదలుపెట్టరాదని చట్టంలో రాయాలి. నడుస్తున్న పథకాలకు చెల్లింపు తేదీలు కూడా చట్టంలోనే ఉండాలి. ఉద్యోగి జీతం కోడ్ వచ్చినా ఆగదు. ఒంటరి మహిళ పింఛను, రైతు పెట్టుబడి సాయం కూడా అలాగే పడాలి. తేదీ కాగితం మీద ఉంటే ఏ మంత్రీ సభలో దాన్ని గొప్పగా చెప్పుకోలేడు, ఏ సంఘమూ దాన్ని ఆపాల్సిన పని ఉండదు.

ఆస్ట్రేలియాలో 1998 నుంచి ఒక చట్టం ఉంది. ఎన్నికల ఉత్తర్వులు వెలువడిన పది రోజుల్లో ఖజానా శాఖ, ఆర్థిక శాఖ కార్యదర్శులు దేశ ఆర్థిక పరిస్థితి మీద నివేదిక బయటపెట్టాలి. రాసేది అధికారులు, మంత్రులకు అందులో చెయ్యి పెట్టే వీలు లేదు. ఓటరు దాన్ని చూసుకుని ఓటేస్తాడు. మన దగ్గర లెక్కలు ఎప్పుడు వచ్చాయి? తెలంగాణ ఆర్థిక స్థితి మీద శ్వేతపత్రం 2023 డిసెంబరు 20న అసెంబ్లీకి వచ్చింది, పోలింగ్ అయిన ఇరవై రోజులకు. అందులో అప్పు 6.71 లక్షల కోట్లని చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏడు శ్వేతపత్రాలు కొత్త ప్రభుత్వం వచ్చాక, 2024 జూన్, జులై నెలల్లో వచ్చాయి. అందులో ఏ అంకె నిజం, ఏది రాజకీయం అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఓటుకు ముందే అధికారులు సంతకం పెట్టి, బకాయిలతో సహా చూపించి ఉంటే ఆ వాదన పోలింగ్ బూత్‌లోనే తేలిపోయేది.

మా మండల కేంద్రంలో ఆ శిలాఫలకం మీద కాగితం వానలకు ఊడిపోయింది. పేర్లు మళ్లీ కనబడుతున్నాయి. గుంటలో నీళ్లు నిలిచి తుంగ మొలిచింది. కంకర ఎవరో తోలుకుపోయారు.

ఈసారి మీ గడపకు వచ్చే అభ్యర్థి పథకం పేరు చెప్పగానే ఏ తారీఖున ఇస్తారు, ఏ పద్దు కింద ఇస్తారు అని అడగండి. జవాబు కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.